అడవి మామిడి మీద పసుపు గుర్తు

నేను ఆ కొండల్లో దారి తప్పలేదు. ముందు ఈ ముక్క తేలితే తప్ప మిగతాది చెప్పడం నా వల్ల కాదు.

ఏ పెళ్ళికి వెళ్ళినా, ఏ గృహప్రవేశానికి వెళ్ళినా ఈ కథ నాకంటే ముందే అక్కడికి చేరి కుర్చీ వేసుకుని కూర్చుంటోంది. చెప్పేది మా తోటికోడలు, అంటే మా ఆయన తమ్ముడి భార్య. బట్టల షాపులో చీర విప్పినట్టు చెబుతుంది, అంచు దగ్గర మొదలుపెట్టి కొంగు దాకా. "మారేడుమిల్లి అడవిలో నడుస్తున్నామా, అక్క బావగారి మీద అలిగి వెనకబడిపోయింది. తిరిగి చూస్తే మనిషి లేదు. బావగారు గుండెలు బాదుకుంటా వెతికి వెతికి, చెట్టు కింద తెలివి లేకుండా కూర్చున్న మనిషిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చారు. ఇంక చూస్కోండి, అప్పట్నించీ వాళ్ళిద్దరి మధ్య ఒక్క మాట తేడా వస్తే ఒట్టు!"

విన్నవాళ్ళు నా వైపు తిరిగి, ఆసుపత్రి నుంచి క్షేమంగా ఇంటికొచ్చిన మనిషిని చూసినట్టు చూసి నవ్వుతారు.

నేను అలగలేదు. అలగాలంటే అవతలి మనిషి మీద కాస్తో కూస్తో ఏదో ఒకటి ఉండాలి. ఆ రోజుల్లో నాకు ఆయన మీద ఏమీ లేదు, కోపం కూడా. ఆయన గుండెలు బాదుకోలేదు. బాదుకునే రకం కాదు. తెలివి లేకపోవడమేమిటి, నా నీళ్ళ సీసా మూత దొర్లి ఏ వేరు కింద పడిందో ఇప్పటికీ చెప్పగలను. చెయ్యి పట్టుకోవడం అసలే జరగలేదు. ఇకపోతే నా నోరు మూతపడింది అడవిలో కాదు. అంతకు ముందే, మా తోటలో.

నా నోటి సంగతి నూజివీడులో తెలియని వాళ్ళు తక్కువ. కాలేజీలో బి.ఏ. చదివే రోజుల్లో వక్తృత్వపు పోటీలకు పంపేటప్పుడు మా లెక్చరర్ ఒకాయన, "నువ్వు ఏ పక్షమైనా పరవాలేదమ్మా, అవతలి పక్షం ఉంటే చాలు" అనేవారు. పెళ్ళయ్యాక ఆ చదువంతా మామిడి తోటకే పనికొచ్చింది. మా వైపు పూత దశలోనే ఆ ఏటి కాపును వ్యాపారులకు అమ్మేస్తారు. వాళ్ళు వచ్చి చెట్టు చెట్టూ తిరిగి, పూత పల్చగా ఉందనీ, తేనెమంచు పురుగు పట్టిందనీ, నిరుడు నష్టపోయామనీ ఒక గంట ఏడుస్తారు. ఆ ఏడుపుకు ఎదురు చెప్పాలంటే మా ఆయనకు మొహమాటం. నాకు లేదు. అందుకని ఆ వ్యాపారులు ముందు గేటు దగ్గర ఆగి, "మేడంగారు ఇంట్లో ఉన్నారా?" అని వాకబు చేసేవాళ్ళు. ఉన్నారంటే మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయేవాళ్ళు. నేను ఊళ్ళో లేని రోజు చూసుకుని మళ్ళీ వచ్చేవాళ్ళు. దీని మీద నేనూ ఆయనా ఎన్నిసార్లు నవ్వుకున్నామో. ఆ నవ్వుకున్న సంగతి గుర్తుంచుకోమని మనవి.

పోయిన చలికాలంలో మా అమ్మకు కంటి శుక్లం ఆపరేషనైతే చింతలపూడి వెళ్ళాను. అమ్మ మా తమ్ముడి దగ్గర ఉంటుంది. చుక్కల మందు వేయడం, కన్ను నలపకుండా కాపలా కాయడం నా పని. అక్కడ ఉండగా ఒకనాడు పొద్దున టిఫిన్ల వేళ దాటాక మా ఆయన ఫోన్ చేశారు. ఆయన ఫోన్‌లో మాట్లాడితే కరెంటు మీటరు చూసి చెప్పినట్టుంటుంది. "ఆఁ. సరే. ఉంటాను." అంతే. ఆ రోజు మాత్రం అత్తయ్య కన్ను ఎలా ఉందన్నారు. చుక్కలు వేశావా అన్నారు. వంట ఎవరు చేస్తున్నారన్నారు. ఏం కూర అన్నారు.

"బీరకాయ," అన్నాను. "ఏంటండీ వెనకాల ఆ చప్పుడు?"

"పక్క చేలో బోరు వేస్తున్నారు."

"మీరు టిఫిన్ చేశారా?"

"ఆఁ. బీరకాయలో పాలు పోశావా?"

"పోశాను. అమ్మ పిలుస్తోంది, ఉంటానండీ."

ఫోన్ పెట్టేసింది నేనే.

తర్వాత కొన్నాళ్ళకు తిరుగు ప్రయాణం. నూజివీడు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. మేం దిగే చోటుకు బోర్డు లేదు, షెల్టరు లేదు. రోడ్డు మలుపు తిరగ్గానే కుడిచేతి వైపు మా తోట మొదలవుతుంది. గోడ కట్టినట్టు నల్లగా, చల్లగా. ఆ నలుపు కనిపించగానే లేచి కండక్టరుకు చెప్పడం అలవాటు. ఆ రోజు ఎంతసేపటికీ నలుపు రాలేదు. ఎండే వస్తోంది. ఇంకా మా ఊరి మలుపు రాలేదనుకుని కూర్చున్నాను. తరువాతి స్టేజీ దగ్గర కండక్టరు, "ఏంటమ్మా, నిద్రపోయారా? మీ స్టాపు ఎప్పుడో దాటిపోయింది" అన్నాడు.

"మెలకువగానే ఉన్నాను," అన్నాను. దిగి, సంచి పట్టుకుని, వచ్చిన రోడ్డునే వెనక్కి నడిచాను.

నా జీవితంలో దారి తప్పానంటే ఆ రోజే తప్పాను. దాని గురించి ఏ పెళ్ళిలోనూ ఎవరూ చెప్పరు.

తోట లేదు. మొద్దులున్నాయి. మా వైపు చెట్టు మొదట్లో పసుపు రంగు పూశారంటే ఆ చెట్టు కలపకు అమ్ముడుపోయిందని అర్థం. కలప వ్యాపారి మనిషి రంగు డబ్బా పట్టుకుని తిరుగుతుంటే తోట యజమాని పక్కన నడుస్తూ ఇది, ఇది, ఇది అని చూపించాలి. గుర్తు కింద, నేలకు దగ్గరగా వేస్తారు. చెట్టు కొట్టాక కూడా మొద్దు మీద మిగిలి ఉండి, చెప్పిన చెట్టే కొట్టారని తెలియడానికి. ప్రతి మొద్దు మీదా పసుపు అలాగే ఉంది. బంగినపల్లి వరసలు పోయాయి. ఇంటి వాడకానికని మా మామగారు వేసిన చిన్న రసాల వరస కూడా పోయింది. కొమ్మలు ఇటుకబట్టీకి, మానులు సెంట్రింగు చెక్కలకు, పెట్టెలకు పోతాయి. ఆకు మాత్రం ఎవరికీ అక్కర్లేదు కనుక నేలంతా పరుచుకుని, అప్పటికే ఎర్రబడింది.

ఎందుకు కొట్టించారన్నది రహస్యమేమీ కాదు. కాపు తగ్గింది, పురుగు పెరిగింది, చుట్టుపక్కల తోటలన్నీ ఒక్కొక్కటిగా ఆయిల్ పామ్‌గా మారుతున్నాయి. ఆ మాట ఇంట్లో చాలాసార్లు వచ్చింది. వచ్చినప్పుడల్లా నేను వాదించి గెలిచాను. గెలిచాననుకున్నాను.

ఆయన మోటారు షెడ్డు దగ్గర నిలబడి ఉన్నారు. నన్ను చూసి, హోంవర్కు చేయని పిల్లాడు చెయ్యి చాచి నిలబడినట్టు నిలబడ్డారు. ఊరంతా ఆ క్షణం కోసం కాచుకుని ఉందని నాకు తర్వాత తెలిసింది. నోరు తెరిచాను.

"అన్నం తిన్నారా?" అన్నాను.

"లేదు."

లోపలికెళ్ళి బియ్యం కడిగాను.

అదే. అంతకు మించి ఏమీ రాలేదు. ఇవాళ వస్తుంది, రేపు వస్తుందని నేనూ చూశాను. కార్బైడు వేసి పండించిన కాయ ఉంటుంది చూడండి, పైకి నిగనిగలాడుతూ, కోసి నోట్లో పెట్టుకుంటే పులుపూ కాదు తీపీ కాదు. నోట్లో ఏదో ఉందని తెలుస్తుందంతే. పొద్దున లేవడం, కాఫీ పెట్టడం, పేపరు చదవడం అన్నీ అలాగే ఉన్నాయి. పొక్లెయిను వచ్చి మొద్దులు పెరికి తీసుకుపోయింది. వంటింటి కిటికీలోంచి చూస్తూ పప్పు తాలింపు పెట్టాను. తాలింపు మాడలేదు కూడా.

చుట్టాలు మెచ్చుకున్నారు. "ఎంత సర్దుకుపోయిందో!" అని ఒకళ్ళు, "వయసుతో పాటు నెమ్మది వస్తుంది" అని ఒకళ్ళు. నాకు నెమ్మది రాలేదు. నెమ్మదించడానికి లోపల ఏదో ఒకటి పరిగెడుతూ ఉండాలి కదా.

మామిడి తోటలున్న వాళ్ళకు వేసవి సెలవులుండవు. లోకమంతా ఊటీ అనీ కొడైకెనాల్ అనీ బయల్దేరే వేళకు మేం కాయ కోతల్లో ఉంటాం. పిల్లల్ని కూడా ఏ వేసవిలోనూ ఎక్కడికీ తీసుకెళ్ళిన పాపాన పోలేదు. ఈ ఏడాది మే నెల వచ్చేసరికి మాకు కోయడానికి ఏమీ లేదు. మా మరిది దీన్ని అదృష్టం కింద జమకట్టాడు.

"వదినా, ఈసారి మీకు ఏ అడ్డూ లేదు. మారేడుమిల్లి పోదాం. అడవిలో నడిచే దారులు వేశారంట, మనూళ్ళో వాకర్లంతా వెళ్ళొచ్చారు. చల్లగా ఉంటది."

"చెట్లు చూడటానికి అంత దూరం పోవాలా?" అన్నాను. ఇదివరకటి నేనైతే ఆ మాటను సూదిలా గుచ్చేదాన్ని. ఆ రోజు ఊరికే, బస్సు టైము అడిగినట్టు వచ్చింది. మా ఆయన లేచి చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోయారు.

వెళ్ళాం. మా మరిది కారులో నలుగురం. రాజమండ్రి దాటి, రంపచోడవరం దాటి, ఘాట్ రోడ్డెక్కి, రాత్రి అక్కడే కాటేజీలో పడుకుని, తెల్లారాక నడక మొదలుపెట్టాం. దారి చూపించడానికి అక్కడి గూడెం అమ్మాయి ఒకామె వచ్చింది. ఖాకీ చొక్కా, భుజాన సంచి, చేతిలో కర్ర. గలగలా మాట్లాడుతుంది. మా తోటికోడలు కొత్త షూస్ చూసి, "మేడం, ఇవి కరుస్తాయి, చూస్కోండి" అని మొదటే హెచ్చరించింది.

"కరవ్వమ్మా, బ్రాండెడ్," అంది మా తోటికోడలు. మధ్యాహ్నానికి రెండు మడమలూ బొబ్బలెక్కాయి. ఆ సంగతి కూడా కథలో రాదు.

దారి మొదట్లో ఆ అమ్మాయి మమ్మల్ని ఆపి, పక్కనున్న చెట్టు మాను చూపించింది. నడుము ఎత్తున అరచేయంత పసుపు రంగు పూసి ఉంది.

"ఇదుగో, ఈ పసుపు గుర్తు కనిపిస్తా ఉంటే మీరు దారిలో ఉన్నట్టు. ముందుకి పోతే ఇంకోటి, ఇంకోటి. ఎంతకీ గుర్తు రాకపోతే దారి తప్పినట్టు. అక్కడే ఆగి వెనక్కి రావాలి. సొంత తెలివితేటలు వాడకూడదు. సరేనా సార్?"

నేను ముందుకు చూశాను. ఆ చెట్టు తరువాత ఇంకో చెట్టు మీద పసుపు. దాని వెనక మలుపులో ఇంకోటి. కొండ మీదికి వరసగా.

మా మరిది ఉండబట్టలేక పగలబడి నవ్వాడు. "అన్నయ్యా! అడవి మొత్తం అమ్మేసినట్టున్నారే!"

మా తోటికోడలు కూడా నవ్వింది. గూడెం అమ్మాయికి అర్థం కాలేదు. మా మరిది వివరించాడు, మా ఊళ్ళో చెట్టుకు పసుపు పూస్తే దాని పని అయిపోయినట్టని. "మాకు ఇలా కనపడితే రంపం గుర్తొస్తదమ్మా, దారి గుర్తు రాదు."

"అయ్యో, ఇక్కడ కొమ్మ విరిచినా ఊరుకోరు సార్," అంది ఆ అమ్మాయి.

మా ఆయన నవ్వలేదు. ఆ పసుపు వైపు చూసి, చూపు తిప్పుకుని, బూటు తాడు కట్టుకోవడానికి వంగారు. తాడు ఊడి లేదు.

అడవి బాగుందనే చెప్పాలి. బాగుండటానికి కావలసినవన్నీ ఉన్నాయి. వెదురు పొదలు రెండు పక్కలా వంగి పందిరి వేశాయి. కాళ్ళ కింద ఎండుటాకులు అప్పడాల్లా నలుగుతున్నాయి. ఎక్కడో నీటి చప్పుడు. నా నడుమంత లావు తీగలు మానుల మీద ఎక్కి, పైన ఏ చెట్టు ఆకు ఏదో తెలియకుండా చేశాయి. అన్నీ చూశాను. ఎరువుల కొట్టువాడు ఏటా ఇచ్చే క్యాలెండరులో కూడా ఇలాంటివే ఉంటాయి. అవి చూసి తేదీ తెలుసుకుని పని చేసుకుంటాం. నేను అలాగే చూసి అడుగు తీసి అడుగేశాను.

కొండ పైన చూడటానికి ఒక చోటు కట్టారు, కటకటాలు పెట్టి. కింద లోయ అంతా పచ్చగా, పొరలు పొరలుగా కొండలు, చివరి కొండ ఆకాశంలో కలిసిపోయి. మా తోటికోడలు ఫోన్ తీసింది.

"అక్కా, ఇటు తిరుగు. బావగారూ, అక్క పక్కకి రండి. ఇంకా దగ్గరికి. బస్టాండులో నిలబడ్డట్టు నిలబడతారేంటి ఇద్దరూ? అక్కా, ఒక్కసారి నవ్వు."

"నవ్వితే నీ ఫోన్ తట్టుకోలేదు."

"హమ్మయ్య, మాట వచ్చింది!" అంది. ఫోటో తీసింది. అందులో ఇద్దరం ఉన్నాం. ఇద్దరి మధ్య ఇంకో మనిషి పట్టేంత లోయ ఉంది. ఇప్పుడు ఆ ఫోటో కథలో చివరి ఆధారంగా చూపిస్తోంది, కలిసిపోయాక తీసిందని. కాదు. ముందు తీసింది.

అక్కడి నుంచి దారి కిందికి, వాగు వైపు దిగుతుంది. మా మరిది జేబులో స్పీకరు పెట్టుకుని పాటలు మొదలుపెట్టాడు. గూడెం అమ్మాయి వద్దన్నా వినలేదు. ఆ పాటల్ని తప్పించుకోవడానికే నేను వెనకబడ్డాను. నన్ను అడిగితే ఎవరికైనా ఇదే చెబుతాను. ముందు ఆ అమ్మాయి, మరిది, తోటికోడలు. వాళ్ళ వెనక కాస్త ఎడంగా మా ఆయన. ఆ వెనక ఇంకాస్త ఎడంగా నేను. మలుపులొస్తే ఎవరికి ఎవరూ కనపడరు. పాటలు మాత్రం వినబడతాయి.

ఒక వెదురు పొద దాటబోతుంటే గీకుడు చప్పుడు వినిపించింది. ఆగాను.

దారి అక్కడ రెండుగా చీలుతోంది. ఒకటి వాగు వైపు దిగేది, ఇంకొకటి పశువులు తొక్కిన దారి. చీలిక దగ్గర అడవి మామిడి. ఆకాశంలోకి కరెంటు స్తంభంలా పెరిగిపోయి, కొమ్మలన్నీ పైన ఎక్కడో. దాని మాను మీద పసుపు గుర్తు. మా ఆయన మోకాళ్ళ మీద వంగి, జేబులో ఉండే చాకుతో ఆ పసుపును గీకుతున్నారు.

ఆ చాకు నాకు తెలుసు. కోతల ముందు కాయను అడ్డంగా కోసి టెంక ముదిరిందో లేదో చూసే చాకు. తోట పోయినా జేబులోంచి తీయలేదన్నమాట. కసిగా గీకడం లేదు. చెట్టుకు దెబ్బ తగలకుండా, పై బెరడు మాత్రమే లేచేలా, అంటుకట్టే వాడు గీకినట్టు నెమ్మదిగా గీకుతున్నారు. పసుపు పొట్టు రాలి ఆకుల మీద పడుతోంది. వచ్చిన దారి పొడవునా పసుపు పూసిన చెట్లు ఎన్నో దాటాం; మద్ది, వేగిస, నాకు పేరు తెలియనివి. వాటి జోలికి పోలేదు. మామిడి మీద ఉన్న గుర్తు ఒక్కటే ఆయనకు అడ్డొచ్చింది. అది దారి గుర్తని ఆయనకు తెలుసు. పొద్దున మా అందరితో పాటు విన్నారు.

పని అయ్యాక అరచెయ్యి మాను మీద పెట్టి తల పైకెత్తారు, కాపు చూసేటప్పుడు చూసినట్టే. కింద రాలిన కాయ ఒకటి తీసి కోసి, టెంక చూసి, ముక్క నాలిక మీద పెట్టుకుని ఉమ్మేశారు. చాకు ప్యాంటుకు తుడుచుకుని పాటల వైపు దిగిపోయారు. వెనక్కి తిరిగి చూడలేదు.

నేను ఆ చెట్టు దగ్గరికి వెళ్ళి వేరు మీద కూర్చున్నాను. గీకిన చోట తడిగా, ఎర్రగా ఉంది. ఇప్పుడు నాకు ఏదో ఒకటి రావాలి. ఏడుపో, కోపమో, కనీసం ఒక తిట్టో. ఎవరో పెద్దమనిషి ఇంటికొస్తాడని కాచుకున్నట్టు కూర్చున్నాను. చీమలు వచ్చాయి. మంచినీళ్ళు తాగబోతే సీసా మూత దొర్లింది. వాగు వైపు నుంచి పాటలు స్పష్టంగా వినిపిస్తున్నాయి. ఆ పాటలు వినిపిస్తుండగా దారి తప్పాలంటే చెవులు కోసేసుకోవాలి.

కాసేపటికి పాటలు ఆగాయి. "వదినా!" అని కేక. "అక్కో!" అని ఇంకో కేక. పలకొచ్చు. పలకాలనిపించలేదు. ఇందులో అలక లేదు, పంతం లేదు. వేరే ఎవర్నో పిలుస్తున్నట్టు అనిపించింది.

మొదట వచ్చింది ఆయనే. ఎగువకు పరుగు తీశారో ఏమో, ఆయాసపడుతున్నారు.

"ఇక్కడున్నావా."

"ఇక్కడే ఉన్నా."

నా తల పైనున్న మాను చూశారు. నా కాళ్ళ దగ్గరి పసుపు పొట్టు చూశారు.

"చూశావా?"

"చూశాను."

ఆయన పక్క వేరు మీద కూర్చుంటారేమో అనుకున్నాను. కూర్చోలేదు. అప్పుడు అడిగాను. అన్ని నెలల తర్వాత తోట గురించి అడిగిన మొదటి ప్రశ్న అది. గొంతులో ఏ వేడీ లేదు. బీరకాయ తాజాదేనా అని అడిగినట్టే అడిగాను.

"అక్కడ దగ్గరుండి గుర్తు పెట్టించారు. ఇక్కడ గుర్తు గీకుతున్నారు. ఏంటండీ ఇది? నేను ఊళ్ళో లేనప్పుడు చూసి ఎందుకు కొట్టించారు?"

ఆయన చెట్టు వైపు తిరిగి, చెట్టుతో చెప్పినట్టు చెప్పారు.

"నువ్వుంటే నా వల్ల అయ్యేది కాదు."

నేను జవాబు వెతుక్కునే లోపలే దారి వైపు తిరిగి, రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని అరిచారు. "దొరికింది! ఇక్కడే ఉంది!"

ఆ కేక నుంచి పుట్టింది ఈ కథంతా. నాతో మాట తెంచుకోవడానికి వేసిన కేక అది. జనం దాన్ని ప్రేమ కింద రాసుకున్నారు.

వాళ్ళు పరిగెత్తుకొచ్చారు. మా తోటికోడలు నన్ను కావలించుకుని భోరుమంది. "మా ప్రాణాలు పోయాయక్కా! ఎటు పోయావు?"

"ఎటూ పోలేదు. నీ భార్యకి నీళ్ళు పట్టు," అన్నాను మా మరిదితో.

గూడెం అమ్మాయి మమ్మల్ని పట్టించుకోలేదు. మాను దగ్గర నిలబడి వేలితో గీకిన చోటు తడిమింది. "ఇక్కడ గుర్తుండాలి. ఇందాక దిగేటప్పుడు కూడా ఉంది. ఎవరు గీకేశారు?"

మా ఆయన బూట్ల వైపు చూసుకుంటున్నారు. ఆయన పెదవి కదిలింది. చెప్పేసేవారేమో.

"నేనే," అన్నాను. "మామిడికి పసుపు పూస్తే మాకు పడదు."

"పెద్దవాళ్ళు, చదువుకున్నోళ్ళు, మీరే ఇట్లా చేస్తే ఎట్లా మేడం? వెనకాల వచ్చేవాళ్ళు పశువుల దారిలో పడిపోరా? వాళ్ళకేమన్నా అయితే నన్నే కదా అంటారు?"

ఆమె అన్న ప్రతి మాటా న్యాయమే. ఆమె గొణుక్కుంటూ చుట్టుపక్కల రాళ్ళేరి, వాగు దారి వైపు చిన్న గుట్టగా పేర్చింది. మా తోటికోడలు మా మరిది చెవిలో ఏదో అంది. అక్కకు మతి చలించి చెట్టు గీకిందన్న ఆ భాగాన్ని నేను గదిలో లేనప్పుడు మాత్రమే చెబుతుందని తెలిసింది. ఆ మాత్రం మర్యాద ఉంది.

ఆయన్ని కాపాడాలని చెప్పిన అబద్ధం కాదది. అంత ఉదారం నాకు లేదు. ఆ మనిషిని నిలదీసే వరసలో మొదట నిలబడింది నేను. నా వంతు రాకుండా ఇంకొకరు ముందుకొచ్చి అడిగేస్తే నేను ఊరుకోను.

వాగు దగ్గర అందరూ నీళ్ళలో కాళ్ళు పెట్టారు. నేనూ పెట్టాను. చల్లగా ఉందని అందరూ అన్నారు కాబట్టి చల్లగా ఉండే ఉంటుంది. సాయంత్రం వెదురు బొంగులో కాల్చిన కోడి తిన్నాం. ఆయన ఎముక లేని ముక్కలేరి నా ఆకులో వేశారు. తిన్నాను. మరునాడు కారులో ఇంటికొచ్చేశాం. మా మలుపు దగ్గర మా మరిది కారు స్లో చేయడం మర్చిపోయి ముందుకు పోయాడు. "అరెరె, తెలియలేదు వదినా" అని రివర్సు చేశాడు.

వానలు పడ్డాక ఆయిల్ పామ్ మొక్కలు నాటారు. మోకాలెత్తున, వరసల్లో. ఆయన ఇదివరకటి లాగే పొద్దున్నే లేచి వెళ్ళి ఒక చుట్టు తిరిగి వస్తారు. నీడ లేదు కాబట్టి ఎండెక్కకముందే వచ్చేస్తారు. ఇంట్లో గొడవలు లేవన్న మాట నిజమే. కథలో అదొక్కటే నిజం.

"నువ్వుంటే నా వల్ల అయ్యేది కాదు." ఈ మాటను తిరగేసి మరగేసి చూస్తూ ఉంటాను, వేరే పని లేనప్పుడు. మొదట పొగడ్తలా ఉంటుంది. తర్వాత చూస్తే గేటు దగ్గర వాకబు చేసే వ్యాపారి మాట. మేడంగారు ఇంట్లో ఉన్నారా? లేరా, అయితే వస్తాం. ఆ వ్యాపారుల గురించి మేమిద్దరం నవ్వుకునేవాళ్ళం. పోనీ, అలాగే ఒప్పుకుందాం. ఆయనకు నా నోరంటే భయం, నేను లేని రోజు చూసుకున్నారు, పని కానిచ్చారు. వాదనగా చూస్తే ఎక్కడా అతుకు కనపడదు. అవతలి పక్షం నాకిచ్చినా ఇలాగే వాదిస్తాను.

కానీ ఒక్కటి మిగిలిపోతోంది, ఆ రోజు ఫోన్‌లో ఆయన చెప్పిన బోరు. పక్క చేనుకు బోరు ఎప్పటినుంచో ఉంది. నిండుగా నీళ్ళున్న బోరు. వేసవిలో మేమే దాని నుంచి నీళ్ళు అడిగి పెట్టించుకున్నాం. అది నాకు తెలుసు. నాకు తెలుసని ఆయనకూ తెలుసు.

మొన్నొక పొద్దున ఆయన చెప్పులేసుకుంటుంటే గుమ్మంలో నిలబడి అడిగాను. "ఆ రోజు చింతలపూడికి ఫోన్ చేశారు కదా. ఎందుకు చేశారు?"

"ఏ రోజు?" అన్నారు.

చెప్పు ఎడమది కుడి కాలికి పెట్టుకున్నారు. తీసి, మార్చుకుని, వెళ్ళిపోయారు.

నేనుంటే చేయలేని పనికి నేను లేని రోజు వెతుక్కున్న మనిషి, చుట్టూ రంపాలు ఆడుతుండగా, చప్పుడు వినబడేంత దగ్గర నిలబడి, నాకు ఫోన్ చేసి, ఏం కూర అని ఎందుకు అడిగినట్టు?